దోషనిర్ణయము

దోషము కనబడినంతనే దోషిని వెదకుట మానవస్వభావము. పాలు పొంగి పొయ్యిలో పడినచో, మంట హెచ్చయ్యెనా, గిన్నె చిన్నదయ్యెనా యని విచారించుటకు ముందే "పొయ్యి దగ్గర నున్న దెవరు?" అను ప్రశ్న మన నోట వెడలును. పిల్లవాడు పరీక్షలో తప్పినచో ఉపాధ్యాయుడు తండ్రిని, తండ్రి తల్లిని, తల్లి బిడ్డ జాతకమును నిందింతురు. కారణమును కనుగొనుట యొక పని. నింద మోపుట మఱియొక పని. మొదటిది కష్టము, రెండవది సులభము. కావుననే మనము రెండవదానిని ముందు చేసి, మొదటిదానిని పిదప చేయుదుము. తఱచుగా చేయనే చేయము. కారణము తెలియకుండ నింద మోపుట కేవలము తొందరపాటా, లేక అధర్మమా యను ప్రశ్నను చదువరుల యెదుట నుంచదలచితిని. దీనికి నేనెన్నుకొనిన దృష్టాంతము పురాణములనుండి తెచ్చినది కాదు, ధర్మశాస్త్రములనుండి తెచ్చినదియు కాదు. మా యింటి పాతకారు నాకు నేర్పిన పాఠ మది.

మా తండ్రిగారి కాలమునుండి మా యింట నొక అంబాసిడరు కారు కలదు. పెట్రోలుతో నడచునది, కార్బురేటరు గలది. ఆ జాతి బండ్ల తయారు 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. ఇప్పుడు వాటిని నడుపువారు కొందఱు మమకారముచేతను, కొందఱు మొండితనముచేతను నడుపుచున్నారు. నేను రెండు తెగలకును చెందినవాడను. గడచిన వేసవిలో ఈ బండి కొక వింతజబ్బు పట్టుకొనెను. తెల్లవాఱుజామున చల్లగా నున్నప్పుడు తాళపుచెవి త్రిప్పినంతనే లేచును. ఎంత దూరము నడిపినను త్రోవలో నాగదు. కాని యెండలో నడచివచ్చి, ఒక పావుగంట నిలిచి, మరల లేపబోయినచో లేవదు. ముప్పావుగంటయో గంటయో విడిచిపెట్టినచో, ఏమియు నెఱుగనట్లు లేచి కూర్చుండును.

ఈ సంగతి మొదట కనిపెట్టినది నా భార్య. చైత్రమాసములో నొకనాటి మధ్యాహ్నము ఆమె బండి తీసికొని బజారునకు పోయి, ఆలస్యముగా నిల్లు చేరి, "ఏమండీ, వేడిమీద బండి లేవటం లేదు, ఒకసారి చూపించండి" అని చెప్పెను. నేను మఱునాటి యుదయ మాఱుగంటలకు బండి లేపి చూచితిని. ఒక్క త్రిప్పునకే లేచెను. "దోషము బండిలో లేదు, నీ చేతిలో నున్నది" అని నవ్వితిని. ఆమె మఱి రెండుసార్లు చెప్పెను. రెండుసార్లును నేను ఉదయముననే పరీక్షించి, అదే తీర్పు చెప్పితిని. అటుపిమ్మట ఆమె చెప్పుట మాని, ఆటోలో బజారునకు పోవసాగెను. ఆమె మౌనమును నేను నా తీర్పునకు అంగీకారముగా భావించితిని.

ఇచ్చట నా తప్పు చూడుడు. వేడిలో బయలుపడు దోషమును చల్లనివేళ పరీక్షించి, లేదని నిర్ణయించితిని. నిప్పున్నచోటనెల్ల పొగ యుండవలెనను నియమము లేదనియు, ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నను పొగ యుండదనియు మన నైయాయికులు బాలురకు సైతము చెప్పుచు వచ్చిరి. చిహ్నము కనబడలేదు గనుక దోషము లేదనుట తర్కమునకు నిలువదు. ఐనను లోకవ్యవహార మంతయు నీ తర్కముమీదనే సాగుచున్నది. పరీక్షాధికారి వచ్చునని ముందుగా తెలిసిన దినమున పాఠశాలలో నే లోపమును కనబడదు. పుట్టింటివారు చూడవచ్చిన దినమున కోడలికి అత్తవారింట అన్ని మర్యాదలును జరుగును. సాయంకాలమున జ్వరము తగులు రోగిని ఉదయమున చూచినవాడు "ఒళ్లు చల్లగానే యున్నది గదా" యనును. "నేను చూచినప్పుడు కనబడలేదు" అనుటకును "లేదు" అనుటకును నడుమ నెంతో దూరము కలదు. ఆ దూరము నడచుటకు ఓపిక లేనివాడు, చెప్పినవారిని అబద్ధీకులనుగానో అసమర్థులనుగానో చేసి తన శ్రమ తప్పించుకొనును. నేను చేసినది సరిగా నదియే.

తరువాత వైశాఖములో మా యూరి యువకుడొకడు, మోటారుపని నేర్చినవాడు, బండికి స్పార్కుప్లగ్గులును డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లును శుభ్రముచేసి యిచ్చెను. అతనికి కొంత కూలి బాకీ యుండెను. పది దినములకు, రోళ్లు పగులు రోహిణికార్తెలో, ఏలూరునుండి రాజమహేంద్రవరమునకు బయలుదేరి, తణుకులో కాఫీకొఱకు నాగితిని. తిరిగివచ్చి తాళపుచెవి త్రిప్పితిని, లేవలేదు. చోకు లాగి త్రిప్పితిని, లేవలేదు. మరల లాగితిని, మరల త్రిప్పితిని. నలుగురు చేరిరి. నలుగురిలో చిన్నబోవుట నాకు కోపమైనది. వెంటనే ఆ యువకునికి టెలిఫోను చేసి, అందఱును వినుచుండగా, "నీ చేయి తగిలిన తరువాతనే బండి చెడినది. నీకు పని రాదు. బాకీడబ్బు ఈయను" అని కేకలు వేసితిని. అతడు తాను చేసిన పని యింతమాత్రమేయని మెల్లగా చెప్పబోయెను. నేను వినలేదు.

కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు నొక్కసారి జరిగినచో, కాకియే పండును పడగొట్టెననుకొనుటను మనవారు కాకతాళీయమని యేనాడో పరిహసించిరి. నా తర్క మంతకంటెను హీనమైనది. ఏలయన, కాకి వ్రాలుటకు ముందే పండు పడియుండెను! చైత్రములోనే నా భార్య యీ దోషమును చెప్పియుండెను. ఆ యువకుడు బండిని ముట్టుకొనినది వైశాఖములో. ఆమె మాట నమ్మియుంటినేని, అతడు నిర్దోషియని నాకు తెలిసియే యుండును. ఒక యన్యాయము తనంతట తాను ఆగదు. ఒకరి మాటను త్రోసిపుచ్చినవాడు ఆ మాటతో రక్షింపబడవలసిన మఱియొకరిని కూడ శిక్షించును. సాక్షిని కొట్టివేసినచో నిర్దోషికి దిక్కెవరు?

ఆ వీథి చివర వేపచెట్టు క్రింద ఒక వృద్ధుడైన మేస్త్రి కలడని చెప్పి, అచ్చటివారు పిలుచుకొని వచ్చిరి. నేను ఆ యువకుని కథ యెత్తుకొనగా, ఆయన "ఎవరు చేశారో తరువాత చూద్దాం బాబుగారూ, ముందు ఏమయిందో చూద్దాం" అని నా నోరు మూయించెను. ఇంతకాలము నీతిగ్రంథములు చదివిన నాకు, ఆ యొక్క వాక్యమున నీతిశాస్త్ర మంతయు నిమిడియున్నట్లు తోచెను.

ఆయన పనిముట్టు పట్టుకొనక ముందు ప్రశ్నలు పట్టుకొనెను. నడుచుచుండగా నాగినదా, ఆపిన పిమ్మట లేవలేదా? సెల్ఫు చుఱుకుగా త్రిప్పుచున్నదా, ఈడ్చుచున్నదా? లేపబోవునప్పుడు పెట్రోలువాసన వచ్చుచున్నదా? ప్రతి ప్రశ్నయు త్రోవ నడుమ నిలిచిన కొయ్యవలె సంశయమును రెండుగా చీల్చుచుండెను. బండి వేడిమీద లేవకుండుటకు కారణములు పెక్కులు. సెల్ఫుమోటారు వేడెక్కినచో రాగితీగెల నిరోధము హెచ్చి, త్రిప్పుబలము తగ్గవచ్చును. నిప్పురవ్వ పుట్టించు కాయిలు గాని కండెన్సరు గాని చల్లగా నున్నప్పుడు బాగుగా నుండి, వేడెక్కినంతనే నీరసింపవచ్చును. పెట్రోలు గొట్టములోనో పంపులోనో ఆవిరియై, ద్రవము ముందునకు సాగకుండ అడ్డుపడవచ్చును. లేదా కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు కాగి పొంగి, ఇంజనులోనికి మితిమీఱి పాఱవచ్చును. ఫలము ఒక్కటే: బండి లేవదు. కారణములు నాలుగు, నాలుగింటికిని మందులు వేఱు.

సెల్ఫు చుఱుకుగానే త్రిప్పెను. కావున బ్యాటరీయు సెల్ఫును నిర్దోషులని తేలెను. పిమ్మట పెట్రోలు సోకని చోట, కార్బురేటరునకు దూరముగా, వేఱొక ప్లగ్గును తీగెకు తగిలించి ఇంజనుయొక్క యినుమునకు ఆనించి త్రిప్పించగా, నీలిరవ్వ చిటిలెను. కాయిలు, కండెన్సరు, పాయింట్లు నిర్దోషులని తేలెను. ఆ యువకుడు చేయి పెట్టినది సరిగా నీ భాగముననే గదా! అతడు చేసిన పని యెంత శుభ్రముగా నున్నదో ఆ నీలిరవ్వయే సాక్ష్య మిచ్చెను. ఇంజనులోని ప్లగ్గు నూడదీసి చూడగా, అది పెట్రోలుతో తడిసియుండెను. బండికి పెట్రోలు చాలక కాదు, ఎక్కువై లేవలేదు.

ఇచ్చట నొక్క నిమిష మాగి ఆలోచింపవలెను. లేమివలన వచ్చిన దోషమును, అతివలన వచ్చిన దోషమును పైకి ఒక్కతీరుననే కనబడును. లేమియని తలచి నేను చోకు లాగితిని; చోకు లాగుట యనగా పెట్రోలుపాలు హెచ్చించుట. మునిగినవానికి నీరు త్రాగించినట్లయ్యెను. మేస్త్రి చోకు లోనికి నెట్టి, యాక్సిలరేటరు నిండుగ త్రొక్కిపట్టి, గాలి ధారాళముగ పోనిచ్చి త్రిప్పించగా, ఇంజను దగ్గి, నల్లపొగ క్రక్కి లేచెను. మన యిండ్లలో బిడ్డ చదువునందు వెనుకబడినప్పుడు "శిక్ష చాలలేదు" అని మఱి రెండు దెబ్బలు వేయు తండ్రులను చూచుచున్నాము. బిడ్డ మొద్దుబాఱినది శిక్ష చాలకనా, శిక్ష యెక్కువయ్యా? బుద్ధి చెప్పువారు లేకనా, చెప్పువారు మితిమీఱియా? మంచి యుద్దేశముతో ఇచ్చినంతమాత్రమున మందు మందు కాజాలదు. నిదానము తెలియని దయ కూడ హింసయే.

బండి లేచినది గదా, పోవుదునని నేను తొందరపడితిని. మేస్త్రి పోనీయలేదు. "లేచింది కానీ ఎందుకు లేవలేదో తెలియలేదు" అనెను. ఆయన చెప్పిన క్రమ మిది. ఇంజను నడుచునంతసేపు నీరును ఫ్యానును వేడిని లాగివేయుచుండును. చల్లని క్రొత్తపెట్రోలు ఎప్పటికప్పుడు వచ్చుచుండును. ఆపినంతనే ఇవి యన్నియు నాగిపోవును, ఇనుములోని వేడి మాత్రము నిలిచి, చుట్టునున్న వస్తువులకు ప్రాకును. కావున బండి ఆపిన తరువాత కొంతసేపు కార్బురేటరు వేడి తగ్గుటకు మాఱుగ పెరుగును. పెట్రోలులోని తేలికపాలు సుమారు 40 డిగ్రీల సెల్సియసునకే ఆవిరియగుట కారంభించును. ఈ బండి యింజనులో పొగ వెడలు గొట్టమును కార్బురేటరును ఒకేప్రక్క నున్నవి. క్రిందిదాని సెగ పైదానికి తగులకుండ నడుమ నొక రేకు ఉండవలెను. ఇంత చెప్పి, ఆయన టార్చిలైటు వేసి చూచి, "రేకు లేదే! బిగించే చోటు ఖాళీగా ఉంది. ఎవరు తీశారు?" అని యడిగెను.

ఎవరు తీసిరి? ఫాల్గుణమాసములో ఆ రేకు వదులై గడగడలాడుచున్నదని, ఒక సెలవుదినమున, దాని ప్రయోజన మేమో తెలియకయే, నేనే యూడదీసి, అటకమీద పాఱవేసితిని! అది మఱచిపోయితిని. నా చప్పుడుబాధ తీఱినది గనుక, రేకు పనికిమాలినదని నిశ్చయించుకొంటిని.

మేస్త్రి అప్పటికిని తీర్పు చెప్పలేదు. పాతనూనెడబ్బా రేకు నొకదానిని కత్తిరించి, మడచి, తీగెతో కట్టి, సెగకును కార్బురేటరునకును నడుమ నిలిపెను. బండిని కొంతదూరము నడిపించి తెచ్చి, బానెట్టు మూసి, సరిగా పదునైదు నిమిషములు నిలిపి త్రిప్పించెను. లేచెను. నేను సంతోషింపగా, "పొద్దు వాలుతోంది. చల్లబడి లేచిందేమో, రేకు వల్లనే అని ఎలా చెప్పగలం?" అని రేకు తీసివేసి, అంతే దూరము నడిపి, అంతే సేపు నిలిపి త్రిప్పించెను. లేవలేదు. మరల రేకు కట్టెను, మరల లేచెను. అన్నంభట్టు తర్కసంగ్రహము చదివినవారు దీనిని అన్వయవ్యతిరేక పరీక్ష యందురు: ఇది యున్నప్పు డది యుండుట, ఇది లేనప్పు డది లేకుండుట. చెట్టుక్రింది మేస్త్రి దీనికి పేరేమియు పెట్టలేదు, ఆచరించి చూపెను.

మా యూరు తిరిగివచ్చిన పిదప ఒక మిత్రుడు నన్ను ఓదార్చుచు, "దోషము నీది కాదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుపుచున్నారు; ఎండలు మండిపోవుచున్నవి; బండి పాతది" అనెను. ఇందులో అసత్య మేమియు లేదు. మన దేశమున పెట్రోలులో ఇథనాలు పాలు 2025వ సంవత్సరమునకు నూటికి 20 వంతులకు చేరినది. ఆ మిశ్రమమునకై పాతబండ్లు నిర్మింపబడలేదు. ఎండయు నిజమే, ముసలితనమును నిజమే. జాన్ స్టూవర్టు మిల్లు 1843లో ప్రకటించిన తర్కగ్రంథమున, కారణమనగా ఒక కార్యమునకు ఆవశ్యకమైన సందర్భము లన్నిటి సమూహమేయనియు, అందు నొక్కదానిని తీసి "ఇదియే కారణము" అనుట మన వాడుకమాత్రమే యనియు వివరించెను. ఆ వాడుకలోనే మన నీతి దాగియున్నది. పది సందర్భములలో మనము పేరుపెట్టి పిలుచునది ఏది? సాధారణముగ ఇతరుల చేతిలో నున్నది. ఎండ దైవము చేతిలో, పెట్రోలు ప్రభుత్వము చేతిలో, పాయింట్లు పనివాని చేతిలో, తాళపుచెవి భార్య చేతిలో. నా చేతిలో నున్న రేకు మాత్రము అటకమీద! అదే యెండలో, అదే పెట్రోలుతో, అదే ముసలిబండి, నడుమ రేకు నిలిచినప్పుడు లేచినది. కావున నేను నేర్చుకొనిన నియమ మిది: పెక్కు సందర్భములు కూడి కీడు కలిగినప్పుడు, నా చేత దిద్దబడగల దానికి మొదట కారణమని పేరు పెట్టవలెను. తక్కినవానిని తరువాత లెక్కింపవచ్చును.

దీనికొక యాక్షేపము కలదు. జీవితమున నిన్ని పరీక్షలకు అవకాశ ముండునా? ఇల్లు కాలుచుండగా అన్వయవ్యతిరేకములు చూచుచు కూర్చుందుమా? కూర్చుండరాదు. జాగ్రత్తపడుటకు నిశ్చయజ్ఞానము అక్కఱలేదు. వేడిమీద లేవదను అనుమాన ముండగా నీడలో నిలుపవచ్చును, బానెట్టు తెఱచి యుంచవచ్చును. అందువలన నెవరికిని కీడు లేదు. కాని "నీవే చెఱచితివి" యనుటకు, కూలి యాపుటకు, నలుగురిలో అవమానించుటకు నిశ్చయజ్ఞానము కావలెను. అనుమానము మనలను జాగరూకులను చేయవచ్చును గాని న్యాయాధిపతులను చేయరాదు. మన మాట మఱియొకని యన్నమునకో మర్యాదకో భంగకర మగునప్పుడు, తెలిసికొనుట ధర్మము. తెలిసికొనకుండ పలుకుట అధర్మము. నేను మొదట నడిగిన ప్రశ్నకు నా యుత్తర మిదియే.

మఱి రేకు నా చేతనే తీయబడెనని తెలిసిన పిదప నేనేమి చేసితిని? వ్రాయుటకు సిగ్గగుచున్నను వ్రాసెదను. తణుకునుండి యింటికి వచ్చువఱకు ఈ సంగతి యెవరికిని చెప్పకుండ రేకును బిగించివేయుద మను తలంపు నాకు కలిగెను. యువకునికి బాకీ పంపివేసిన చాలును. కారణ మడుగ డనుకొంటిని. కాని నింద నలుగురిలో మోపితిని. విడుదల చాటున నిచ్చిన సరిపోవునా? మఱునాడు అతడు పనిచేయు చోటికి పోయి, అతని తోడిపనివారు వినుచుండగా, దోషము నాదని చెప్పి, బాకీ చెల్లించితిని. అతడు డబ్బు లెక్క చూచుకొని, "రేకు తెచ్చారా, బిగిస్తాను" అని మాత్ర మనెను. ఆ మాట నాకు క్షమాపణముకంటె గొప్పదిగ తోచెను.

ఇంటికి వచ్చి నా భార్యతో జరిగినదంతయు చెప్పితిని. ఆమె నన్ను నిందింపలేదు. "నేను చెప్పింది మీకు అబద్ధంగా ఎందుకు తోచింది?" అని యొక్క ప్రశ్న వేసెను. బండి విషయమున నాలుగు కారణములు విడదీసి చెప్పగలిగిన నేను, ఈ ప్రశ్నకు తడబడితిని. ఆమె చెప్పినది యంత్రమును గూర్చి గనుకనా? చెప్పినది స్త్రీ గనుకనా? ఆమె మాట నిజమైనచో నాకు శ్రమ కలుగును గనుకనా? చదువుకొనినవారము, సంస్కారప్రియులము అని చెప్పుకొను మన యిండ్లలో ఈ ప్రశ్న అడుగబడకుండ నెన్ని మధ్యాహ్నములు గడచిపోవుచున్నవో!

రేకు మరల తన చోట నున్నది. బండి యిప్పుడు వేడిమీదను లేచుచున్నది. ఆ రేకు అప్పుడప్పుడు గడగడలాడుచునే యున్నది గాని, ఆ చప్పుడు నన్నిప్పుడు బాధింపదు. ఎవరైన తమకు కలిగిన కష్టమును నాకు చెప్పవచ్చి, నాకది కనబడనప్పుడు, దానిని నేను చల్లనివేళ చూచుచున్నానేమో యని ఆ చప్పుడే నాకు జ్ఞాపకము చేయుచుండును.